ఇన్‌ఫార్మ్ 7 సమీక్ష: ఆటగాడు "బావి" అంటే బావేనని ఆటకి తెలియాలంటే

ఒక టెక్స్ట్ ఆటలో, పెరట్లో ఒక బావి, పక్కన బావి తాడు. రచయిత వీటికి సోర్సులో, అంటే ఆటని తయారుచేయడానికి తాను రాసే పాఠంలో, "వెల్", "వెల్ రోప్" అని పేర్లు పెట్టాడు. ఆటగాడు "ఎగ్జామిన్ వెల్" అని కొట్టాడు. ఏది, బావియా, బావి తాడా అని ఆట అడిగింది. "వెల్" అన్నాడు. మళ్ళీ అదే ప్రశ్న. ఇంకోసారి "వెల్" అన్నాడు, మళ్ళీ అదే. తాడుని చూడాలంటే "రోప్" అని తప్పించుకోవచ్చు. బావిని చూడాలంటే మాత్రం ఏం టైపు చేసినా దారి లేదు.

టెక్స్ట్ ఆటలు కట్టే సాధనాల్లో అందరికీ తెలిసిన ఇన్‌ఫార్మ్ 7ని, ఈ ఒక్క కోణంలోంచే చూస్తున్నాం: రెండు మూడు అర్థాలకి తావిచ్చే ఆదేశం వస్తే అది ఏం చేస్తుంది, దాన్ని దారిలో పెట్టడానికి రచయిత చేతికి ఏమిస్తుంది? గదుల వర్ణనలూ పజిళ్ళూ ఎంత బాగా రాసినా, ఆటగాడు టైపు చేసిన నాలుగు మాటలు ఆటకి అర్థం కాకపోతే పది నిమిషాల్లో లేచిపోతాడు.

ముందు వివరాలు. ఇంటరాక్టివ్ ఫిక్షన్ అంటే బొమ్మల్లేని ఆట. కథ మాటల్లో వస్తుంది, ఆటగాడూ మాటల్లోనే ఆదేశాలిస్తాడు. గ్రాహం నెల్సన్ 1993లో మొదటి ఇన్‌ఫార్మ్ విడుదల చేశారు. ఇంగ్లీషు వాక్యాల్లాంటి సోర్సుతో ఇన్‌ఫార్మ్ 7 2006 ఏప్రిల్‌లో వచ్చింది. 2022 ఏప్రిల్‌లో 10.1 వెర్షన్‌తో ఆ సాధనం సొంత సోర్సు కోడు మొత్తం బయటపెట్టారు. ధర లేదు. విండోస్, మాక్, లినక్స్ మూడింటికీ దొరుకుతుంది. చేతిపుస్తకం ప్రోగ్రాంలోనే ఉంటుంది. ఈ సమీక్షకి సంబంధించిన సంగతి ఎక్కువ భాగం అందులో 17వ అధ్యాయంలో ఉంది.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. కావలసిన పనిముట్లన్నీ ఇన్‌ఫార్మ్‌లో ఉన్నాయి. కానీ కొత్తవాళ్ళు వాటిని తలకిందుల వరసలో పట్టుకుంటారు. "ఏది?" అనే ప్రశ్న కనబడగానే అందరూ "డజ్ ద ప్లేయర్ మీన్" నియమాల మీద, అంటే ఆటగాడి ఉద్దేశం ఏ వస్తువై ఉంటుందో ఆటకి చెప్పే నియమాల మీద, పడతారు. నిజానికి ఆ ప్రశ్నల్లో చాలావరకు పుట్టేది పేర్లలో. పేర్లు సరిచేయకుండా నియమాలు రాయడం అంటే కుండకి చిల్లు పడితే మూత మార్చడం లాంటిది.

బావి దగ్గర ఏం జరిగిందో చూద్దాం. వస్తువుకి సోర్సులో పెట్టిన పేరులోని ప్రతి మాటనీ ఇన్‌ఫార్మ్ ఆ వస్తువుకి మారుపేరుగా రాసుకుంటుంది. అందులో విశేషణమేదో నామమేదో చూడదు. కాబట్టి "వెల్ రోప్"కి "వెల్" ఒక పేరు, "రోప్" ఇంకో పేరు. ఆటగాడి మాటల్లో ఎక్కువ మాటలు కలిసిన వస్తువుకి మొగ్గు ఉంటుంది. అందుకే "వెల్ రోప్" అని నిండుగా రాస్తే తాడు సూటిగా దొరుకుతుంది. ఒక్క "వెల్"కి మాత్రం రెండూ చెరో మాటతో సమానం అవుతాయి. ఇక ప్రశ్నకి ఇచ్చిన జవాబుని పార్సర్, అంటే ఆటగాడి మాటల్ని చదివి అర్థం చేసుకునే భాగం, విడిగా చదవదు. పాత ఆదేశంలో ఆ నామం ముందు అతికించి మొత్తం వాక్యాన్ని మళ్ళీ మొదటినుంచి చదువుతుంది. "టేక్ కీ"కి "బ్రాస్" అని జవాబిస్తే "టేక్ బ్రాస్ కీ" అవుతుంది, పని జరిగిపోతుంది. "ఎగ్జామిన్ వెల్"కి "వెల్" అని జవాబిస్తే "ఎగ్జామిన్ వెల్ వెల్" అవుతుంది. ఇప్పుడు రెండు వస్తువులకీ చెరో రెండు మాటలు కలిశాయి. మళ్ళీ సమానం, మళ్ళీ ప్రశ్న. ఎన్నిసార్లు జవాబిచ్చినా కలిసే మాటల లెక్క పెరుగుతుందే గానీ తేడా రాదు.

దీనికి మందు రెండు వాక్యాలు. మొదటిది: తాడుని "ప్రైవేట్లీ-నేమ్‌డ్" అని ప్రకటించండి. దాంతో సోర్సు పేరులోని మాటలు ఆటోమేటిగ్గా మారుపేర్లు కావడం ఆగుతుంది. రెండోది: "అండర్‌స్టాండ్" వాక్యంతో "రోప్", "వెల్ రోప్" అనే రెండింటినీ ఆ తాడుకి ఇవ్వండి. రెండు మాటల పదబంధాన్ని ఇన్‌ఫార్మ్ ఆ వరసలో మొత్తంగా కలిస్తేనే ఒప్పుకుంటుంది. కాబట్టి ఒంటరి "వెల్" ఇక తాడుకి తగలదు. తెర మీద పేరు మాత్రం "వెల్ రోప్" అనే కనబడాలి కదా, కంపైల్ చేశాక, అంటే సోర్సుని ఆడగలిగే ఫైలుగా మార్చాక, ఆ అచ్చుపేరు ఒకసారి చూసుకోండి. తలుపు-తలుపు గొళ్ళెం, టీ-టీ కప్పు, గడియారం-గడియారం ముల్లు: ఒకదాని పేరు ఇంకోదాని పేరులో ఇమిడిన ప్రతి చోటా ఇదే చికిత్స.

దీని సోదర సమస్య ఒకటుంది. ఉత్త "కీ" ఒకటి, "బ్రాస్ కీ" ఒకటి ఉన్నాయనుకోండి. ఏదని ఆట అడిగితే ఉత్త తాళంచెవిని చెప్పడానికి ఆటగాడి దగ్గర మాట లేదు. ఇక్కడ ప్రైవేటు పేరు పనికిరాదు, ఎందుకంటే ఇత్తడి తాళంచెవి కూడా "కీ"యే. ఆ ఉత్తదానికి ఒక విశేషణం ఇచ్చి తీరాలి: తుప్పు పట్టినదో, చిన్నదో, ఇనుపదో. ఆ విశేషణం వర్ణనలోనూ కనబడాలి. ఆటలో ఒకే రకం వస్తువు రెండోది ప్రవేశించిన రోజు, మొదటిదానికి విశేషణం ఉందా అని వెనక్కి వెళ్ళి చూసుకోవడం అలవాటు చేసుకోండి.

విశేషణం ఎంచుకోవడంలోనూ ఒక గుంత ఉంది, చేతిపుస్తకం దాన్ని గట్టిగా హెచ్చరించదు. ప్రశ్నకి వచ్చిన జవాబులో మొదటి మాట క్రియ అయితే, పార్సర్ దాన్ని జవాబు అనుకోదు, కొత్త ఆదేశం అనుకుంటుంది. "లైట్ స్టోన్", "డార్క్ స్టోన్" అని రెండు రాళ్ళు పెట్టారు. "టేక్ స్టోన్" అంటే ఏది అని అడిగింది. ఆటగాడు "లైట్" అన్నాడు. ఇన్‌ఫార్మ్‌లో "లైట్" అంటే "బర్న్"కి మారుపేరు. లేత రాయిని తీసుకోవలసిన ఆట దేన్ని అంటించాలని అడుగుతుంది. "లైట్ స్టోన్" అని నిండుగా చెప్పినా అంతే, రాయిని అంటించబోతుంది. "ఓపెన్", "క్లీన్", "కట్" లాంటివన్నీ ఈ జాబితాలోవే. "లాంగ్", "షార్ట్", "ఫుల్" లాంటి కొన్ని మాటలకి లోపలే మినహాయింపు ఉంది, మిగతావాటికి లేదు. "లైట్" బదులు "పేల్" అని పెడితే గొడవే ఉండదు. వర్ణనలో "లైట్" అనే మాట తప్పదనుకుంటే దాన్ని అదనపు మారుపేరుగా ఉంచండి. తెర మీద అచ్చయ్యే పేరులో మాత్రం వద్దు. ఆటగాడు జవాబుగా వాడేది ప్రశ్నలో చూసిన మాటనే.

పేర్లకి సంబంధించి ఇంకొక్కటి. ఆట లోపలి నిఘంటువులో మాటలు తొమ్మిది అక్షరాలకి కత్తిరించబడతాయి. ఇంగ్లీషు స్పెల్లింగులో "ఫోటోగ్రాఫ్"కీ "ఫోటోగ్రాఫర్"కీ మొదటి తొమ్మిది అక్షరాలు ఒకటే. ఒకే గదిలో ఫోటోవాడూ ఫోటోవూ ఉంటే పార్సర్‌కి అవి రెండూ ఒకే మాట. ఆటని జెడ్-మెషీన్, గ్లల్క్స్ అనే రెండు రకాల ఫైళ్ళుగా కంపైల్ చేయవచ్చు. జెడ్-మెషీన్ ఫైలుగా చేస్తే ఈ హద్దు కదలదు. గ్లల్క్స్‌గా చేస్తే పెంచుకోవచ్చు. కొత్త ఆటని గ్లల్క్స్‌కే కట్టమనడానికి ఇదొక్క కారణం చాలు.

పేర్లు సర్దాక కూడా మిగిలే సందిగ్ధం అసలైన సందిగ్ధం. వరండాలో రెండు తలుపులున్నాయి, ఒకటి తెరిచి ఉంది, ఒకటి మూసి ఉంది. ఆటగాడు "ఓపెన్ డోర్" అన్నాడు. మనిషికి చెబితే ఏ తలుపో అడగడు. ఇన్‌ఫార్మ్ అడుగుతుంది, ఎందుకంటే తెరిచిన తలుపుని తెరవలేం అన్న జ్ఞానం దానికి చర్య జరిగే దశలోనే వస్తుంది, పేరు తేల్చే దశలో కాదు. "డజ్ ద ప్లేయర్ మీన్" నియమం సరిగ్గా ఈ చోటు కోసమే. తెరిచి ఉన్న తలుపుని తెరవమనడం "అన్‌లైక్లీ" అని ఒక్క వాక్యం రాస్తే ప్రశ్న మాయమవుతుంది. ఫలితాలు ఐదు మెట్లు: వెరీ లైక్లీ, లైక్లీ, పాసిబుల్, అన్‌లైక్లీ, వెరీ అన్‌లైక్లీ. ఏమీ చెప్పకపోతే పాసిబుల్. చేతిలో ఉన్నదాన్నే మళ్ళీ తీసుకోవడం వెరీ అన్‌లైక్లీ అనే నియమం ముందే పెట్టి ఇచ్చారు, అది మీరు రాయనక్కర్లేదు.

ఈ మెట్ల బలం ఎంతో తెలిస్తే నియమాలు పొదుపుగా రాస్తారు. పోటీలో ఉన్న వస్తువులకి పార్సర్ లోపల మార్కులు వేస్తుంది. దాచని వస్తువుకి 100. ఉన్న చోటుని బట్టి 60 లేదా 40: మామూలు చర్యల్లో గదిలో ఉన్నదానికి 60, చేతిలో ఉన్నదానికి 40. "ఈట్", "డ్రాప్", "వేర్" లాంటి, చేతిలోని వస్తువుని ఆశించే చర్యల్లో ఇవి తారుమారవుతాయి. నేపథ్య వస్తువు కాకపోతే 10, ఆటగాడు తానే కాకపోతే 5. మీ నియమం తీర్పుకి వచ్చే గుణకం మాత్రం 1000. అంటే మీరు "లైక్లీ" అన్న ఒక్క మాట ముందు మిగతా మార్కులన్నీ కలిపినా తూగవు. అందుకే "ఈ తాళంచెవితో ఏ పని చేసినా వెరీ లైక్లీ" అని గంపగుత్తగా రాయకండి. పారేయమన్నా, చూడమన్నా, తినమన్నా అదే వస్తువు ఎగబడి వస్తుంది. ఏ చర్యకో ఆ చర్యకే, ఏ స్థితికో ఆ స్థితికే రాయండి.

అందరికన్నా పైమార్కు ఒక్కదానికే వస్తే పార్సర్ అడగకుండా దాన్నే తీసుకుంటుంది. అడగకుండా తప్పు వస్తువుని ఎంచుకోవడం అనవసరంగా అడగడం కన్నా చెడ్డది. తప్పు మందుసీసా తాగేసి చచ్చాక ఆటగాడికి రచయిత మీద నమ్మకం పోతుంది. తిరిగి సరిదిద్దుకోలేని చర్యలకి, అంటే తినడం, తాగడం, తగలబెట్టడం, ఇచ్చేయడం లాంటివాటికి, మొగ్గు నియమాలు రాయకుండా ప్రశ్నని అలాగే ఉంచడం మంచిది.

నియమం బలంతో ఎంచుకున్నప్పుడు ఇన్‌ఫార్మ్ ఆ పేరుని బ్రాకెట్లలో అచ్చువేస్తుంది. మంచి మర్యాదే, కానీ ప్రతి మాటుకీ కనబడితే విసుగు. "క్లారిఫైయింగ్ ద పార్సర్స్ చాయిస్" అనే యాక్టివిటీకి, అంటే ఆ బ్రాకెట్ అచ్చువేసే పనికి, ఏమీ చేయవద్దని నియమం రాస్తే, మీరు చెప్పిన వస్తువు వరకు ఆ బ్రాకెట్ మాయమవుతుంది. మొత్తానికి తీసేయకండి. ఆట ఊహించిందని ఆటగాడికి తెలిసేది ఆ ఒక్క గుర్తుతోనే.

ఇక లోపాలు, రెండు గట్టివి. మొదటిది: నియమం మార్కులు తగ్గిస్తుందే గానీ జాబితాలోంచి తీసెయ్యదు. మూడు పుస్తకాల్లో రెండు సమానంగా నిలిచి, మూడోది వెరీ అన్‌లైక్లీ అని మీరు చెప్పినా, ప్రశ్నలో మూడు పేర్లూ వస్తాయి. ఆ మూడోది రహస్యపు గదికి మీటగా పనిచేసే దొంగ పుస్తకం అయితే గుట్టు అక్కడే రట్టు. చౌకైన పరిష్కారం, అచ్చయ్యే పేరులో రహస్యం లేకుండా చూసుకోవడం: రహస్యం తెలిశాక ఆ పేరు మార్చండి. జాన్ ఇంగోల్డ్ రాసిన, ఆటకి అదనంగా కలుపుకునే "డిసాంబిగ్యుయేషన్ కంట్రోల్" ఎక్స్‌టెన్షన్, దేన్ని ఎంచుకోవాలి, దేన్ని ప్రశ్నలో సూచించాలి అనేవి రెండూ వేరువేరు నియమాలుగా చేసి ఈ లోటు పూడ్చడానికే వచ్చింది. అది పాత బిల్డుల కాలంలో రాసింది కాబట్టి, మీ వెర్షన్‌లో కంపైల్ అవుతుందో లేదో ఆట సగం కట్టకముందే చూసుకోండి.

రెండోది: రెండు నామాల ఆదేశాలు. "అన్‌లాక్ చెస్ట్ విత్ బ్రాస్ కీ" అన్నప్పుడు, గదిలో రెండు పెట్టెలుంటే, ఏ పెట్టె అన్నది పార్సర్ తేల్చే సమయానికి తాళంచెవి మాట ఇంకా చదవలేదు. కాబట్టి "ఇత్తడి తాళంచెవి అయితే ఇత్తడి పెట్టె" అని రెండో నామం మీద షరతు పెట్టిన నియమం మొదటి నామాన్ని తేల్చడంలో అక్కరకు రాదు. నియమం తప్పులేకుండా కంపైల్ అవుతుంది, మీరు ఎందుకు పనిచేయడం లేదని తల పట్టుకుంటారు. ఇలాంటి చోట మొదటి నామాన్నే దాని స్థితితో తేల్చండి: ఇంకా తాళం వేసి ఉన్న పెట్టెకి మొగ్గు ఇవ్వండి. తాళాలు ఎక్కువున్న ఆట అయితే ఇన్‌ఫార్మ్‌తోనే వచ్చే ఎమిలీ షార్ట్ "లాక్‌స్మిత్" ఎక్స్‌టెన్షన్ కలుపుకోండి. ఆటగాడు తాళంచెవి పేరు చెప్పకపోయినా సరిపడేది అదే వెతుక్కుంటుంది, సగం ప్రశ్నలు అసలు పుట్టవు.

ఈ రెండో లోపంలో పోటీ సాధనాలు ముందున్నాయి. లైనస్ ఓకెసన్ 2018లో విడుదల చేసిన "డైలాగ్" భాషలో, ఆదేశానికి ఎన్ని అర్థాలు కుదురుతాయో అన్నీ ముందు పూర్తి చర్యలుగా తయారవుతాయి, ఆ తర్వాతే ఏది సంభవమో చూస్తుంది. రెండు నామాలూ చేతిలో ఉంచుకుని తీర్పు చెప్పగలదు. మైకేల్ రాబర్ట్స్ రాసిన "టాడ్స్ 3" ఇంకో విధంగా తెలివైనది. అక్కడ ఒక వస్తువు మీద ఒక పని తర్కానికి నిలుస్తుందా అని చెప్పే "వెరిఫై" కోడు ఒకటే రెండు పనులు చేస్తుంది: చర్యని ఆపుతుంది, పేరు తేల్చడానికీ సాయపడుతుంది. తెరిచిన తలుపు సంగతి దానికి విడిగా చెప్పనక్కర్లేదు. బావి తాడు సమస్యకి కూడా సొంత మందుంది: పేరులో ఒక మాటని బ్రాకెట్లో పెడితే అది బలహీనమైన మాట, దానంతట అది ఆ వస్తువుని పిలవలేదు. ప్రశ్నకి "మొదటిది" అని జవాబిచ్చినా టాడ్స్ 3 ఒప్పుకుంటుంది. ఇన్‌ఫార్మ్‌లో అలాంటి సౌకర్యం కావాలంటే ఆరన్ రీడ్ రాసిన, జాబితాకి అంకెలు వేసే ఎక్స్‌టెన్షన్ ఉంది. ఇన్ని చెప్పాక కూడా, ప్రోగ్రామింగ్ అలవాటు లేని రచయితకి మేము ఇన్‌ఫార్మ్‌నే చెబుతాం. టాడ్స్ 3 సోర్సు సీ, జావా రాసినవాళ్ళకి హాయిగా ఉంటుంది, కథ రాసేవాళ్ళకి కాదు.

"యూజ్ కీ" లాంటి ఆదేశాలు వేరే తరహా. అక్కడ వస్తువు తెలుసు, పనే తెలియదు. ఇన్‌ఫార్మ్‌లో "యూజ్" అనే క్రియ ముందుగా లేదు. దాన్ని కలపడం సులువు: తలుపుని యూజ్ చేయడం అంటే తెరవడం, తినదగినదాన్ని యూజ్ చేయడం అంటే తినడం, మిగతా దేనినైనా అంటే "ఏం చేయాలో కాస్త విడమరచి చెప్పండి" అని ఒక మర్యాద జవాబు. వరస గురించి బెంగ వద్దు. నిర్దిష్టమైన వాక్యాన్ని ఇన్‌ఫార్మ్ తానే ముందు పరీక్షిస్తుంది, మామూలుదాన్ని చివర. "టేక్ ఆల్"లో ఏవి చేరాలో "డిసైడింగ్ వెదర్ ఆల్ ఇంక్లూడ్స్" చూసుకుంటుంది. మనుషులనీ నేపథ్య వస్తువులనీ అది ముందే వదిలేస్తుంది.

పరీక్షించడంలో మాత్రం ఇన్‌ఫార్మ్‌కి సాటి లేదు. ఆట నడుస్తుండగా "ట్రేస్ 5" అని కొట్టండి. పార్సర్ ఏ మాటకి ఏ వస్తువుని పట్టుకుంది, దేనికి ఎన్ని మార్కులు వేసింది అంతా తెర మీద పరుస్తుంది. చాలా పొడుగ్గా వస్తుంది. ఒక్క ఆదేశం నడిపి "ట్రేస్ ఆఫ్" చేయండి. మార్కులు సమానమైతే పేర్లో తప్పు, ఒకటి వేలల్లో పైకి పోతే మీ నియమంలో తప్పు. చాలా సందర్భాల్లో ఈ ఒక్క చూపుతో తేలిపోతుంది. తర్వాత ప్రతి గదికీ ఒక టెస్ట్ వాక్యం రాయండి. గదిలోని ప్రతి వస్తువునీ మూడు రకాలుగా చూడండి: నామం ఒక్కటే, విశేషణం ఒక్కటే, రెండూ కలిపి. ఆదేశాల మధ్య గీత పెట్టి ఒకే వరసలో ఇస్తే ఒక్క "టెస్ట్"తో అన్నీ నడుస్తాయి. గదిలోకి బయటి వస్తువులు తెచ్చి పడేసి ఇంకోసారి నడపండి. ఎందుకంటే ఒక్కో గది ఒంటరిగా శుభ్రంగా ఉంటుంది. ఆటగాడు వంటింట్లోంచి తెచ్చిన రెండో దీపం జేబులో ఉన్నప్పుడే ప్రశ్నలు పుడతాయి. ఆటగాళ్ళకి ఇచ్చే రిలీజ్ బిల్డులో ఈ పరీక్ష ఆదేశాలు ఉండవు కాబట్టి పరీక్షలన్నీ దానికి ముందే.

తెలుగులో ఆట కడదామనుకునేవాళ్ళకి ఒక మాట. గ్లల్క్స్ యూనికోడ్ అక్షరాలు అచ్చువేయగలదు కాబట్టి కథని తెలుగులో చూపించవచ్చు. ఆదేశాలు చదవడమే వేరే లెక్క. ఇన్‌ఫార్మ్‌తో వచ్చే పార్సర్ క్రియ ముందు ఉండే ఇంగ్లీషు వాక్యానికి కట్టింది. "తాళంచెవితో పెట్టె తెరువు"లో క్రియ చివర ఉంది, "తో" నామానికి అతుక్కుని ఉంది. ఇతర భాషలవాళ్ళు దీనికోసం వాడుకున్న దారి, ఆదేశాన్ని చదవకముందే తిరగరాసే "లాంగ్వేజ్ టు ఇన్‌ఫార్మీజ్" అనే రొటీన్. క్రియని ముందుకు తెచ్చి, "తో", "ని", "లో" లాంటి ప్రత్యయాలు విడదీసే పని అక్కడ చేయాలి. "పెట్టె", "పెట్టెని" మధ్య తేడా తేలిగ్గా విడిపోతుంది, "గూడు", "గూటిలో" మాత్రం విడదీస్తే రాదు. అలాంటి నామాలకి రెండో రూపాన్ని మారుపేరుగా ఇవ్వాల్సిందే. ఇంకోపక్క మన భాష ఇచ్చే లాభం ఒకటుంది. ఏ వస్తువుతో ఏ వస్తువుని అన్నది విభక్తే చెప్పేస్తుంది కాబట్టి, తిరగరాసే చోటే సాధనాన్ని ముందు పక్కకి తీసి పెట్టుకోవచ్చు. ఇంగ్లీషు పార్సర్ తడబడే ఆ రెండు నామాల ఆదేశంలో, ఏ పెట్టో తేల్చేలోపే తాళంచెవి ఏదో తెలిసి ఉంటుంది.